సొట్ట కారులో అభన్‌పూర్ దాకా

కుడికాలు భాగ్యశ్రీ మాట వినడం లేదు. ఎడమ సీట్లో కూర్చున్న మనిషి పాదం కింద బ్రేకు ఉండదని ఆ కాలికి ఎవరు చెప్పాలి, పచ్‌పేడీ నాకా దగ్గర బయల్దేరినప్పటి నుంచి అది నేలను నొక్కుతూనే ఉంది, ఆటో అడ్డం వస్తే నొక్కింది, కుక్క రోడ్డు దాటబోయి మానుకుంటే నొక్కింది, ఏమీ రాకపోయినా ఒకసారి నొక్కింది. చేతులు మాత్రం ఒళ్ళో బుద్ధిగా పెట్టుకుంది. చేతులు కదిలితే పక్కన బండి నడుపుతున్న దాలమ్మ చూస్తుంది, ఆమె చూడవలసింది రోడ్డుని. దాలమ్మ రోడ్డునే చూస్తోంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి, భాగ్యశ్రీ పనిచేసే ల్యాబులో అటెండరు, ధాన్యం శాంపిళ్ళు తీసుకొచ్చే మనిషి, స్టీరింగుని నిండు బిందెని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, వీపు సీటుకి ఆనించకుండా, చీర చెంగు నడుముకి బిగించి, పెదవులు కదుపుతూ కూర్చుంది. ఏం చదువుకుంటోందో వినపడదు. క్లచ్చి, గేరు, నెమ్మదిగా వొదులు, అనే అయి ఉంటుంది. అది భాగ్యశ్రీ నేర్పిన వరసే. డిసెంబరు పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు, ముందు అద్దం మీద పల్చగా తేమ, వైపర్ వేయి అక్కా అనబోయి ఆగింది, ఆగిన రెండు క్షణాలకి దాలమ్మే వైపర్ వేసింది, ఆ రెండు క్షణాలూ నోరు మూసుకున్నందుకు భాగ్యశ్రీకి తన మీద తనకే మెప్పుదల కలిగింది.

ఇరవై నిమిషాల కిందట ఈ మనిషి బస్సు కోసం నిలబడి ఉంది. భుజాన సంచి, సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన పరఖీ, బస్తాలోకి గుచ్చి గింజలు బయటికి లాగే ఆ ఇనప గొట్టం. మామూలుగా అయితే సోమవారాలు ఇద్దరూ కలిసే అభన్‌పూర్ మిల్లుకి వెళతారు, కానీ శుక్రవారం దాలమ్మ కారెక్కలేదు, బస్సులో ఎక్కడికో వెళ్ళి శాంపిళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. అందుకే భాగ్యశ్రీ ఇవాళ అరగంట ముందు బయల్దేరింది. బస్సులు ఆగే చోటే కారు ఆపి, ఇంజను ఆపకుండా దిగి, చుట్టూ తిరిగొచ్చి ఎడమ తలుపు తీసుకుని కూర్చుని బెల్టు పెట్టేసుకుంది. "అక్కా, రా, లేటవుతోంది."

"నాను బస్సులో వొచ్చీస్తాను మేడమ్. మీరెల్లండి."

"నేనెలా వెళ్తాను, డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. వెనక బస్సు హారన్ కొడుతోంది, అదిగో ట్రాఫిక్ పోలీసు కూడా చూస్తున్నాడు."

దాలమ్మ పోలీసుని చూసింది, బస్సుని చూసింది, కారు వెనక అద్దం మీద ఎర్ర ఎల్ అక్షరాన్ని చూసింది, ఎడమ వెనక తలుపుని మాత్రం చూడలేదు. సొట్ట ఉన్నది ఆ తలుపుకే. చూడకుండానే దాని పక్కనుంచి గబగబా వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. కోపంగా కూర్చుంది. కోపమైనా సరే, కూర్చుంది, భాగ్యశ్రీకి అది చాలు.

ఆ సొట్ట పడింది గురువారం మూడింటికి కదూ. ఎండగా ఉంది, నీడలో పెట్టి వస్తానని దాలమ్మే తాళం అడిగింది. రెండు నెలలుగా ఆదివారాలు రైల్వే కాలనీ గ్రౌండులో తిప్పుతున్న చేయి, ఆఫీసు ఆవరణలో ఆ మాత్రం వెనక్కి తీయలేదా అనుకుని ఇచ్చింది. మెట్ల మీద నిలబడి చూస్తూనే ఉంది. లారీలు తూచే కాటా పక్కన పసుపు రంగు ఇనప స్తంభం, దాని వైపు కారు వెనక్కి, వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, ఆపు అని అరిచేలోపే ఆ చప్పుడు. ఇనుము రేకుని గీరే చప్పుడు పళ్ళలో వినపడుతుందని ఆ రోజే తెలిసింది. ఎనిమిది నెలల కారు. వాళ్ళ వంశంలో మొదటి కారు, అమ్మ తరఫునా లేదు, నాన్న తరఫునా లేదు, భర్త శివాజీ నడిపే పాతది ఒకటి ఉండేది కానీ అది వాళ్ళన్నయ్యది. ఇది తన సంతకంతో, తన పేరుతో వచ్చింది. ఆ నీలం రంగు ఆమె ఎంచుకున్నదే, షోరూములో వాళ్ళు తెలుపు తీసుకోమన్నా వినలేదు. ఆ నీలం మీద జానెడు సొట్ట, సొట్ట నుంచి బంపరు దాకా గీత, గీత నిండా స్తంభం పసుపు. లారీ డ్రైవర్లు చూస్తున్నారు, హమాలీలు చూస్తున్నారు, అసిస్టెంటు మేనేజరు వివేక్ చేతిలో చీటీలతో నిలబడి, కాటాని ఇక్కణ్ణుంచి జరిపించెయ్యండి భాయ్, లేడీస్ బండి నేర్చుకుంటున్నారు, అని హిందీలో గట్టిగా అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు చెవుల్లో ఉండగానే భాగ్యశ్రీ మెట్లు దిగి వెళ్ళి అద్దం మీద వేలితో కొట్టి అంది, "చాలు. దిగు."

అక్కా అనే పిలుపు కూడా లేదు అందులో. దాలమ్మ దిగింది. తాళం ఇచ్చేసి, తల వంచుకుని, పరఖీ సంచి తీసుకుని ల్యాబులోకి వెళ్ళింది. మేనేజరు సాయంత్రం పిలిచి, శాంపిళ్ళ వ్యాను ఆవిడకి ఇద్దామనుకున్నాం కదా, ఇక వేరే ఎవరినైనా చూడండి మేడమ్, అన్నాడు. లైసెన్సు పరీక్ష వచ్చే శుక్రవారం. అది పాసైతే వ్యాను దాలమ్మ చేతికి వస్తుంది, చేతికి వస్తే ఊళ్ళు తిరిగే శాంపిలర్ ఉద్యోగం, అటెండరు కుర్చీ మీంచి లేవొచ్చు. ధాన్యం సంగతి ఆమెకి తెలిసినంత ఆ ల్యాబులో ఎవరికి తెలుసు. గింజ పళ్ళ మధ్య పెట్టి పటుక్కుమని కొరికి, పద్నాలుగు అంటుంది, తేమ మీటరు పెడితే పద్నాలుగు పాయింట్ ఒకటి చూపిస్తుంది. వివేక్ ఎమ్మెస్సీ చదివినా మీటరు లేకపోతే బస్తా ముందు నిలబడి చెవి గోక్కుంటాడు. చూద్దాం మేనేజరు గారూ, శుక్రవారం దాకా ఆగండి, అని వచ్చేసింది గానీ ఆ మాట గొంతులోంచి గట్టిగా రాలేదు. ఎలా వస్తుంది, మూడింటికి తను అన్న మాట గొంతుకు అడ్డం పడి ఉంటే.

ఆ మాట తనది కాదు అసలు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక శివాజీ కారు చుట్టూ తిరిగి చూసి, ఎవరు, అన్నాడు. దాలమ్మక్క, అంది. నువ్వేమన్నావు, అన్నాడు. దిగమన్నాను, అంది. శివాజీ టీ గ్లాసు గట్టు మీద పెట్టాడు. "నాలాగే అన్నావన్నమాట," అన్నాడు, నవ్వకుండా. పదకొండేళ్ళయింది, ఆయనకీ గుర్తుంది. రింగు రోడ్డు మీద, ఆదివారం, వెనక సీట్లో పిల్లలు, ఆయనే నేర్పుతానని కూర్చోబెట్టాడు, సైకిలు వాడొకడు అడ్డం వస్తే ఆమె తొట్రుపడి ఫుట్‌పాతు రాయిని రాసింది, టైరుకి కూడా ఏమీ కాలేదు. దిగు, అన్నాడు. దిగి పిల్లల మధ్య వెనక కూర్చుంది. ఐదేళ్ళ కొడుకు, అమ్మకి రాదా నాన్నా, అని అడిగాడు. ఆ తర్వాత ఆరేళ్ళు స్టీరింగు తాకలేదు, ఎవరైనా అడిగితే నాకు ఇష్టం లేదండీ అని చెప్పేది, చెప్పి చెప్పి తనే నమ్మింది. ఒక రోజు ఆఫీసు పక్క డ్రైవింగ్ స్కూల్లో ఎవరికీ చెప్పకుండా పేరు రాయించుకుని నెలలో నేర్చేసుకుంది. ఇప్పుడు అదే శివాజీ ఆమె నడుపుతుంటే పక్క సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతాడు, అంతకన్న మెప్పు ఏం కావాలి. కానీ ఆరేళ్ళు. దాలమ్మకి ఇప్పుడు నలభై తొమ్మిది, ఇంకో ఆరేళ్ళు ఎక్కడున్నాయి.

డూమర్‌తరాయి సిగ్నలు. ఎరుపు. దాలమ్మ బాగానే ఆపింది, ముందు లారీకి కారు పట్టేంత జాగా వదిలింది. పచ్చ పడింది. కారు ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. వెనక హారన్లు, ముందు ఒకటి, తర్వాత పది, కూరగాయల మినీ లారీ ఒకటి, స్కూలు బస్సు ఒకటి, మోటారు సైకిలు మీద ఒకడు పక్కకొచ్చి ఎల్ బోర్డు చూసి ఏదో అని పోయాడు. దాలమ్మ మెడ మీద చెమట. భాగ్యశ్రీ కాలు, చెయ్యి, నాలుక, మూడూ ఒకేసారి లేచాయి. క్లచ్చి తొక్కు అక్కా, అని నోటిదాకా వచ్చింది. నాలుక కొరుక్కుంది, నిజంగానే కొరుక్కుంది, ఉప్పగా తగిలింది. మీరు నడపండి మేడమ్ అని ఈ మనిషి ఇప్పుడు తలుపు తీసిందంటే అయిపోయినట్టే, శుక్రవారమూ లేదు, వ్యానూ లేదు. దాలమ్మ తలుపు తీయలేదు. అద్దంలో వెనక బస్సుని చూసి, "ఉండ్రా నాయనా, నీ అత్తారింటికేటి ఎల్తన్నావు," అంది, బస్సు డ్రైవరుకి వినపడదు కదా, తనకోసమే అంది, క్లచ్చి తొక్కింది, తాళం తిప్పింది, గేరు వేసింది, నెమ్మదిగా వదిలింది. కారు కదిలింది. సిగ్నలు దాటాక భాగ్యశ్రీ అద్దం వైపు తిరిగి నవ్వుకుంది, పళ్ళు కనపడకుండా.

శనివారం మధ్యాహ్నం గుర్తొచ్చింది. బయట ఏదో రుద్దుతున్న చప్పుడైతే కిటికీలోంచి చూసింది, క్వార్టర్సు ముందు కారు దగ్గర దాలమ్మ గొంతుక్కూర్చుని ఉంది. గుఢియారీలో వాళ్ళింటి పక్క పెయింటరు ఇచ్చాడట, చిన్న డబ్బాలో రుద్దే పాలిష్, పాత చీర ముక్క. కాలింగ్ బెల్ కొట్టలేదు, పిలవలేదు. రెండు గంటలు రుద్దింది. స్తంభం పసుపు అంతా వదిలింది, గీత సన్నబడింది, సొట్ట మాత్రం సొట్టే. టీ తాగి వెళ్ళక్కా అంటే, చేతులు మురికిగా ఉన్నాయి మేడమ్ అంది. కడుక్కోవచ్చు కదా. కడుక్కోలేదు, వెళ్ళిపోయింది. ఆ వీధి మలుపు దాకా ఆమె నడక చూస్తూ నిలబడింది భాగ్యశ్రీ, తల వంచుకుని వెళ్ళలేదు ఈసారి, పనికి వచ్చి పని చేసి వెళ్ళిన మనిషిలా వెళ్ళింది. ఆదివారం సొట్టలు తీసే మేస్త్రీకి చూపిస్తే తలుపు మీద మెటికలతో కొట్టి విని, రెండు రోజులు వదిలేసి వెళ్ళండి, కొత్తదానిలా చేసి ఇస్తా, అన్నాడు. వచ్చే శనివారం తెస్తానంది. ఇంత కొత్త బండి, వారం పాటు ఇలా తిప్పుతారా దీదీ, అన్నాడు. తిప్పుతా, బండితో పనుంది, అంది. ఆ మాట అంటుంటే ఎందుకో వీపు నిటారుగా అయింది. షోరూములోంచి మొదటి రోజు బయటికి తీసినప్పుడు కూడా అంత నిటారుగా కూర్చోలేదేమో.

మానా దాటాక రోడ్డు ఖాళీ అయింది. మంచు విడుతోంది, కోసేసిన మళ్ళు రెండు వైపులా. ఈ దారి పొడుగునా ఒకప్పుడు చిన్న రైలు పోయేది, ఛోటీ లైన్, ధమ్తరీ దాకా. నాన్న నూకరాజు ఆ పట్టాల మీదే నడిచాడు, విజయనగరం జిల్లా నుంచి వచ్చి ఇరవై ఆరేళ్ళు, భుజాన సుత్తి, రోజూ తన వంతు పట్టాల ముక్క ఈ చివరి నుంచి ఆ చివరికి చూసుకుంటూ. నా ముక్కలో రైలు ఒక్కనాడూ పట్టా దిగలేదు, అనేవాడు. పిల్లల్ని ఎప్పుడూ పొగడని మనిషి, ఆమె బీయస్సీ పాసైన రోజు కూడా ఊఁ అన్నాడంతే, కానీ రైలు గేటు కాపలా గురునాథం మామయ్యతో చెప్పాడట, మా పిల్ల అద్దాల బుడ్లతో పనిచేస్తాదిరా, అని. ఆ మాట మామయ్య చెబితే తెలిసింది. ఇప్పుడుంటే ఈ కారు ఎక్కేవాడా. చెప్పులు విప్పి ఎక్కేవాడు, వద్దంటే వినేవాడు కాదు.

ఫోను మోగింది. వివేక్. ఎత్తి స్పీకరులో పెట్టింది, కావాలనే పెట్టింది. "మేడమ్, దాలమ్మ బస్సులో వెళ్ళిందా? మిల్లు వాళ్ళు అడుగుతున్నారు," అన్నాడు హిందీలో.

"కారులో వస్తున్నాం. దాలమ్మ నడుపుతోంది."

"మళ్ళీనా?"

"అవును, మళ్ళీ. నేను పక్కన కూర్చున్నాను, చాలా సుఖంగా ఉంది," అని పెట్టేసింది. సుఖంగా లేదు, కుడికాలి పిక్క పట్టేసింది. అయినా ఆ అబద్ధం నోటికి తియ్యగా ఉంది. దాలమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు గానీ పెదవులు కదపడం మానేసింది.

ముందు ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా ధాన్యం బస్తాలు, కట్టిన తాడు సడలి పై వరస ఇటూ అటూ ఊగుతోంది, సైకిలు వేగం. దాలమ్మ దాని వెనకే రెండు కిలోమీటర్లు పోయింది. దాటించు అని భాగ్యశ్రీ అనలేదు. ఇది చెప్పే సంగతి కాదు, ఎవరికి వాళ్ళకి లోపల నుంచి రావాలి. ఎదురుగా బస్సు పోయింది, కారు పోయింది, రెండు బైకులు పోయాయి, రోడ్డు తెల్లగా పొడుగ్గా ఖాళీగా కనిపించింది. అయినా దాలమ్మ ఆగింది. ఇంకో బైకు పోయింది. అప్పుడు ఇండికేటరు టకటక, గేరు కిందికి, హారను ఒకటి పొట్టిగా, నీలం కారు ట్రాలీ పక్కకొచ్చింది, ట్రాలీ పొడుగు తరగదేంటి, భాగ్యశ్రీ కళ్ళు మూసుకోబోయి మూసుకోలేదు, చూడాలి ఇది, చూడకపోతే ఎలా, తరిగింది, ట్రాక్టరు పెద్ద చక్రం కిటికీ ఎత్తున తిరుగుతూ వెనక్కి పోయింది, ఎడమవైపు అద్దంలో ట్రాక్టరు మొత్తం కనపడే దాకా ఆగి దాలమ్మ కారుని మళ్ళీ తన వరసలోకి తెచ్చింది. మెత్తగా తెచ్చింది. శివాజీ అయితే విసురుగా కోస్తాడు. తను కూడా కోస్తుంది, నిజం చెప్పాలంటే.

"అక్కా," అంది భాగ్యశ్రీ. "గురువారం నేనలా అనకూడదు. అందరి ముందు."

మైలురాయి ఒకటి పోయింది. "అనకూడదు," అంది దాలమ్మ. "నాకు బాధ అనిపించింది తల్లీ, లేదని ఎలగ సెప్పను." మేడమ్ పోయి తల్లీ వచ్చింది, ఆఫీసు బయట ఎప్పుడూ పిలిచేది అదే. "మీరన్నారు సరే. నాను దిగిపోడమేటి? బండిని సగంలో వొగ్గీసి దిగిపోనాను సూడండి, తిన్నగా నీడలో ఎట్టీసి అప్పుడు దిగాల. ఎట్టలేదు. మూడు రోజులూ నాకదే సిగ్గు. సొట్ట కాదు."

తన చేత మాట పడి ఈ మనిషి కుంగిపోయి ఉంటుందని భాగ్యశ్రీ మూడు రోజులుగా కుమిలిపోతోంది, ఆమె మూడు రోజులుగా పూర్తికాని పని గురించి ఆలోచిస్తోంది. ఎంత తప్పుగా అంచనా వేసింది. పదకొండేళ్ళ కిందట రింగు రోడ్డు మీద తనకి ఆ ఆలోచన రాలేదు, దిగాక ఏడుపే వచ్చింది. తనకన్న గట్టి మనిషికి నేర్పుతోంది తను. ఆ సంగతికి చిన్నబుచ్చుకోవాలి కదా, చిన్నతనం ఏమీ అనిపించలేదు, పొద్దుటి ఎండ కారులోకి వచ్చి ఇద్దరి మోకాళ్ళ మీదా పడింది, ఛాతీ లోపల ఏదో వెచ్చగా పొంగుతోంది, ఈ మనిషి పక్కన కూర్చుని ఈ రోడ్డు మీద పోతున్నది నేనే, అని దారిన పోయే వాళ్ళందరికీ చెప్పాలనిపించింది. కేంద్రీ దగ్గర రోడ్డు పక్కన పళ్ళు తోముకుంటున్న ముసలాయన కారు వైపు చూశాడు. ఆయనకి చెయ్యి ఊపింది. ఆయన వేపపుల్ల నోట్లో ఉంచుకునే తిరిగి ఊపాడు.

అభన్‌పూర్ వచ్చింది, బజారు వచ్చింది, జిలేబీ బండ్లు, సైకిళ్ళు, తప్పుకోని మనుషులు. దాలమ్మ తప్పించుకుంటూ, ఆగుతూ, ఒకసారి తల బయట పెట్టి హిందీలో ఎవరినో జరగమంటూ, ఊరు దాటించి మిల్లు గేటు దగ్గర కారు ఆపింది. గేటు స్తంభాలు రెండూ పసుపే. భాగ్యశ్రీ వాటిని చూసింది, దాలమ్మ కూడా చూసింది. రిజిస్టరులో రాయడానికి భాగ్యశ్రీ దిగి గేటు గదికి వెళ్ళింది. కాలు నేల మీద పెడితే పిక్క తిమ్మిరెక్కి ఉంది, కుంటుతూ నడిచింది.

అప్పుడే లోపల నుంచి బియ్యం లారీ ఒకటి బయటికి రాబోతూ ఆగింది. కారు దారికి అడ్డంగా ఉంది. గేటు కాపలా మనిషి, కొత్తవాడు, ఎవరి కారో ఎవరు ఎవరో తెలియని వాడు, దాలమ్మ వైపు తిరిగి ఛత్తీస్‌గఢీలో కేక వేశాడు, "ఏ మేడమ్, గాడీ లా థోకిన్ పాఛూ కర్ దేవ!" కొంచెం వెనక్కి తీయమని. వెనక్కి. ఒక పక్క గోడ, ఒక పక్క పసుపు స్తంభం, ముందు లారీ.

భాగ్యశ్రీ చేతిలో పెన్ను ఆగింది. మెడ తిరగబోయింది. నేను తీస్తానుండు అనడానికి నాలుగు అడుగులు చాలు.

"హవ్ భయ్యా," సరేనంది దాలమ్మ గొంతు వెనక నుంచి. గేరు పడిన చప్పుడైంది.

"ఆవిడ మీ డ్రైవరా?" అని అడిగాడు గదిలో కూర్చున్న గుమాస్తా.

"కాదు. నాతో పనిచేస్తుంది," అంది భాగ్యశ్రీ. టైర్ల కింద గులకరాళ్ళు మెల్లగా నలుగుతున్నాయి, ఆగి, మళ్ళీ నలుగుతున్నాయి. వెనక్కి తిరగలేదు. రిజిస్టరు మీదికి వంగి తేదీ రాసింది, బండి నంబరు రాసింది, నడిపిన వారి పేరు అన్న గడిలో గొర్లె దాలమ్మ అని హిందీ అక్షరాల్లో రాసింది. అక్షరాలు మామూలు కన్నా పెద్దవి పడ్డాయి, చివరి అక్షరం గీత దాటి పక్క గడిలోకి వెళ్ళింది. లారీ వెళ్ళిపోయిన దుమ్ము గదిలోకి వచ్చేదాకా ఆ పేరు చూస్తూ నిలబడింది.